మోకాలికి బరువే తిండి

నారాయణగూడ చౌరస్తా దగ్గర వైఎంసీఏ ఉంది. అక్కడి బాస్కెట్‌బాల్ కోర్టులో ఎగిరి ఎగిరి పెద్దవాళ్లయిన తరాలున్నాయి. అక్కణ్ణించి చిక్కడపల్లి మీదుగా పోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు వస్తాయి. పక్క వీధుల్లోకి మళ్లితే సిటీ సెంట్రల్ లైబ్రరీ, ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లతో కిటకిటలాడే అశోక్‌నగర్. ఇంకాస్త ముందుకు పోతే ఇందిరా పార్కు, పొద్దున్నే అందులో నడిచేవాళ్లు. మోకాలి నొప్పిలో ముఖ్యమైన మూడు రకాలూ ఈ కాస్త దారిలోనే కనిపిస్తాయి. ఎగిరే మోకాలిది ఒకటి, మడిచి కూర్చునే మోకాలిది ఒకటి, వయసు మీద పడిన మోకాలిది ఒకటి. చిన్నప్పటి నుంచి ఆటలాడిన మనిషికి ఈ మూడూ వరసగా ఎదురుకావచ్చు.

ఆ మనిషికి ఇంటా బయటా వినిపించే మాట మాత్రం ఒకటే: "ఆడి ఆడి గుజ్జు అరగ్గొట్టుకున్నావు, ఇక కదలకుండా కూర్చో." ఇందులో మొదటి సగం కొంతవరకే నిజం. రెండో సగం దాదాపు పూర్తిగా తప్పు.

ఇద్దరు ఛాంపియన్ల మోకాళ్లు

ఇందిరా పార్కుకు దగ్గర్లోనే దోమల్‌గూడలో ఏవీ కాలేజీ ఉంది. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ చదివింది అక్కడే. 1994లో పుణెలో జాతీయ క్రీడలు జరిగాయి. అక్కడ డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలిలో ఏసీఎల్ తెగింది. తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారిపోకుండా, అడ్డంగా మెలిపడకుండా పట్టి ఉంచే లిగమెంట్ అది. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు. ఆపరేషన్లయ్యాయి, నెలల తరబడి కండరాలను మళ్లీ కూడగట్టుకోవాల్సి వచ్చింది. 1996 నుంచి వరసగా ఐదేళ్లు జాతీయ ఛాంపియన్ ఆయనే. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొణే గెలిచాక మళ్లీ మన దేశానికి ఆ టైటిల్ దక్కింది అప్పుడే.

లాల్ బహదూర్ స్టేడియంలో షటిల్ నేర్చుకుని, గోపీచంద్ దగ్గర రాటుదేలిన సైనా నెహ్వాల్‌ది ఇంకో కథ. 2016లో రియో ఒలింపిక్స్ నుంచి తిరిగొచ్చిన వెంటనే ఆమె మోకాలికి ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడాది గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం. 2024కి వచ్చేసరికి తన మోకాళ్లలో ఆర్థరైటిస్ ఉందని, కార్టిలేజ్ (గుజ్జు) దెబ్బతిందని, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటల సాధన కష్టమవుతోందని ఆమే బయటపెట్టింది.

లిగమెంట్ తెగిన మోకాలు ప్రపంచస్థాయి ఆటకు తిరిగొచ్చింది. కార్టిలేజ్ అరిగిన మోకాలు రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోలేకపోయింది. కానీ అరగంట కూడా తట్టుకోలేదని ఎవరూ అనలేదు. అరుగుదలను మాత్రమే చూస్తే ఈ తేడా అర్థం కాదు. ఒక మోకాలు ఎంత బరువుకు, ఎన్ని గంటలకు, ఎన్ని రోజుల్లో అలవాటు పడింది అన్నదే అసలు సంగతి.

అయితే గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏసీఎల్ గానీ, ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెనిస్కస్ గానీ తెగినవారిలో పది ఇరవై ఏళ్లు గడిచేసరికి దాదాపు సగం మందికి కీళ్ల అరుగుదల మొదలవుతుంది. 2018లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు రిటైరైన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను మామూలు మగవాళ్లతో పోల్చారు. ఆటగాళ్లలో సగానికి పైగా మోకాలి నొప్పితో ఉన్నారు, మిగతావారిలో ఆ వాటా పావు వంతు చిల్లర. మోకీలు మార్పిడి చేయించుకున్నవారు ఆటగాళ్లలోనే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. గాయాల వల్ల, గాయం మానకుండానే మళ్లీ బరిలోకి దిగడం వల్ల మోకాలు పాడవుతుందన్నది నిజమే. ఆడటమే మోకాలిని పాడుచేస్తుందా అన్నది వేరే ప్రశ్న.

నెత్తురు పారని పొర

గుజ్జు అని మనం పిలిచే కార్టిలేజ్ నిజానికి గట్టి, నున్నటి పొర. తొడ ఎముక అడుగున, కాలి ఎముక పైన, చిప్ప వెనక అంటుకుని ఉంటుంది. మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చిప్ప వెనక ఇంకొంచెం ఎక్కువ. అందులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీటిని పట్టి ఉంచే ప్రొటీన్ల వల అందులో ఉంది. ఆ వలను అల్లి, మరమ్మతు చేసే కణాలు మాత్రం మొత్తం పరిమాణంలో రెండు శాతమే. ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు.

నరాలు లేవంటే కార్టిలేజ్‌కు నొప్పి తెలియదు. అరుగుతున్నది అదే అయినా అరిచేది అది కాదు. కింద ఉన్న ఎముక, కీలు లోపలి పలచని తొడుగు, చిప్ప కింది కొవ్వు మెత్త, చుట్టూ కండరాలను ఎముకకు కట్టి ఉంచే టెండన్లు అరుస్తాయి. తొడుగు వాస్తే ఒక రకం నొప్పి, ఎముకలో ఒత్తిడి పెరిగితే ఇంకో రకం. అరుగుదల అంతే ఉన్నా నొప్పి ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

రక్తనాళాలు లేవు కాబట్టి తిండి వేరే దారిన రావాలి. కీలులో చెంచాడు కూడా ఉండని జిగురు ద్రవం ఒకటుంటుంది. మోకాలి మీద బరువు పడ్డప్పుడు కార్టిలేజ్‌లోంచి నీరు బయటికి పోతుంది. బరువు తీసినప్పుడు ఆ ద్రవం పోషకాలతో లోపలికి వెళ్తుంది. నడిచే ప్రతి అడుగులోనూ ఈ రాకపోకలు జరుగుతాయి. బరువు పడకపోతే అవి మందగిస్తాయి. వెన్నుపాము గాయంతో కాళ్లు చచ్చుబడినవారి మోకాళ్లను స్విట్జర్లాండ్‌లో ఎమ్మారై తీసి చూశారు. రెండేళ్లలో కొన్నిచోట్ల కార్టిలేజ్ ఐదో వంతుకు పైగా పలచబడింది. ఆ కాళ్లు ఆడలేదు, పరుగెత్తలేదు. బరువు లేకపోవడమే వాటిని పలచబరిచింది.

1743లో లండన్‌లో విలియం హంటర్ అనే వైద్యుడు కార్టిలేజ్ ఒకసారి నాశనమైతే తిరిగి రాదని రాశాడు. పెద్ద గుంట పడితే అది పూడదన్నది ఈనాటికీ నిజమే. దాంతో మోకాలు కారు టైరులాంటిదనే ఊహ పాతుకుపోయింది. ఇన్ని కిలోమీటర్లని రాసిపెట్టి ఉంటుంది, తిరిగే కొద్దీ అరుగుతుంది, కాబట్టి తిప్పకుండా దాచుకోవాలన్నమాట. కానీ టైరు తిండి తినదు, బరువు పడితే గట్టిపడదు. మోకాలు ఆ రెండూ చేస్తుంది.

2017లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. తుంటి, మోకాలి అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం, కూర్చుని ఉండేవారిలో 10.2 శాతం, పోటీల్లో పరుగెత్తేవారిలో 13.3 శాతం. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. మోకాలు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారు కాబట్టి మొదటి అంకె కొంత తక్కువగా కనిపించవచ్చు. అయినా ఓ మోస్తరు పరుగు మోకాలిని తినేస్తుందనే వాదనకు మాత్రం వీటిలో ఆధారం లేదు.

కోర్టు: ఎగిరే మోకాలు

బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆడే కుర్రాడి నొప్పి సాధారణంగా చిప్ప కింద, వేలుపెట్టి చూపించగలిగిన చోట ఉంటుంది. ఆట మొదట్లో లాగుతుంది, ఒళ్లు వేడెక్కితే పోతుంది, మర్నాడు పొద్దున మెట్లు దిగుతుంటే మళ్లీ వస్తుంది. చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే టెండన్ దెబ్బతినడం ఇది. 2005లో నార్వేలో అగ్రశ్రేణి ఆటగాళ్లను పరీక్షిస్తే వాలీబాల్ ఆడేవారిలో 45 శాతానికి, బాస్కెట్‌బాల్ ఆడేవారిలో 32 శాతానికి ఈ బాధ ఉంది.

ఈ టెండన్‌కు విశ్రాంతి మాయ చేస్తుంది. రెండు వారాలు మానేస్తే నొప్పి తగ్గుతుంది. ఆ రెండు వారాల్లో టెండన్ బలం కూడా తగ్గుతుంది. తిరిగొచ్చి మునుపటిలాగే ఎగిరితే మొదటికొస్తుంది. 2009లో డెన్మార్క్‌లో స్టెరాయిడ్ సూదినీ, నెమ్మదిగా పెద్ద బరువులెత్తే వ్యాయామాన్నీ పోల్చారు. మొదటి వారాల్లో సూది బాగానే పనిచేసింది. ఆరు నెలలకు సూది వేయించుకున్నవారు మళ్లీ కిందికి జారారు, బరువులెత్తినవారు నిలదొక్కుకున్నారు. మన వ్యాయామశాలల్లో పిల్లలకు నేర్పే బస్కీలే దీనికి పనికొస్తాయి. వేగంగా వంద తీయడం కంటే నెమ్మదిగా, భుజాన బరువుతో, పది తీయడం మేలు.

హాలు: మడిచి కూర్చునే మోకాలు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మూడు గంటల సినిమా చూస్తుంటే ఇంటర్వెల్‌కు ముందే మోకాలు చాపాలనిపిస్తుందా? ముందు సీటు అడ్డొచ్చి చాపలేక విసుగొస్తుందా? కీళ్ల వైద్యులకు ఇది ఎంత పరిచయమున్న లక్షణమంటే దాన్ని 'థియేటర్ సైన్' అనే పిలుస్తారు. మోకాలు మడిచి ఉన్నంతసేపూ చిప్ప తొడ ఎముక గాడిలో నొక్కుకుని ఉంటుంది. తొడ, పిరుదు కండరాలు బలహీనంగా ఉంటే ఆ ఒత్తిడి సరిగ్గా సర్దుకోదు, చిప్ప చుట్టూ నొప్పి వస్తుంది. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ తెలుస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒళ్లంతటినీ పట్టి ఆపాలి, ఆ భారం చిప్ప మీద పడుతుంది. నారాయణగూడ, చిక్కడపల్లి మెట్రో స్టేషన్లలో మెట్ల మీదుగా ఎక్కి, లిఫ్టులో దిగడం ఇలాంటి మోకాలికి తెలివైన పద్ధతి.

అశోక్‌నగర్‌లో ఇదే నొప్పి ఇంకో వేషంలో వస్తుంది. ఎస్సై, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివేవాళ్లు నెలల తరబడి కుర్చీలో మోకాళ్లు మడిచి కూర్చుంటారు. ప్రిలిమ్స్ గట్టెక్కగానే దేహదారుఢ్య పరీక్షలు తరుముకొస్తాయి. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. స్కూల్లో ఖోఖో, కబడ్డీ ఆడినవారికి ఇవి అసాధ్యమైన అంకెలేమీ కావు. కష్టమంతా ఆ దూకుడులో ఉంది. నిన్నటిదాకా పరుగే లేని కాలు ఇవాళ్టి నుంచి రోజూ పరుగెత్తాలి. ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. టెండన్లకు, ఎముకలకు నెలలు పడుతుంది. పుస్తకం తెరిచిన రోజే వారానికి మూడుసార్లు చిన్న పరుగు మొదలుపెట్టినవారికి ఈ బెడద తక్కువ.

పార్కు: వయసు మీద పడ్డ మోకాలు

ఇందిరా పార్కులో నడిచే మాజీ ఆటగాడి చేతిలో చాలాసార్లు ఒక ఎక్స్-రే కవరు ఉంటుంది. "సందు తగ్గిపోయింది" అని డాక్టరు చూపించారు. ఆ బొమ్మ అబద్ధం చెప్పదు, కానీ అంతా చెప్పదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో, ఎక్స్-రేలో మోకాళ్లు బాగానే ఉన్న 50 ఏళ్లు దాటినవారికి ఎమ్మారై తీశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో పది మందిలో దాదాపు తొమ్మిది మందికి ఏదో ఒక లోపం కనిపించింది. నొప్పి ఉన్నవారికీ లేనివారికీ ఆ లెక్కలో పెద్ద తేడా లేదు. రిపోర్టులో "చిరుగు", "అరుగుదల" అనే మాటలు చూడగానే నొప్పికి కారణం దొరికేసిందనుకోవడం తొందరపాటు.

మోకాలికి నీరు పట్టినప్పుడు ఒక వింత జరుగుతుంది. కీలులోకి 20, 30 మిల్లీలీటర్ల ద్రవం చేరితే చాలు, అంటే నాలుగు నుంచి ఆరు టీస్పూన్లు, వెన్నుపాము తొడ కండరానికి పంపే ఆజ్ఞలను తగ్గించేస్తుంది. కండరం చెడిపోలేదు, దాన్ని ఆపి ఉంచారంతే. వారాలు గడిస్తే అది నిజంగానే సన్నబడుతుంది. దాంతో మెట్ల మీద మోకాలు జారినట్టుంటుంది, మనిషి భయపడి ఇంకా తక్కువ కదులుతాడు, తొడ ఇంకా సన్నబడుతుంది. మాజీ ఆటగాళ్లను కుర్చీకి అంటగట్టేది చాలాసార్లు ఈ చక్రమే.

దీనికి తోడు బరువు. ఆట మానేసినా ఆకలి మానదు. మోకాలి జబ్బున్న పెద్దవాళ్ల నడకను కొలిచి చూస్తే, ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో తేలింది. ఐదు కిలోలు తగ్గినవారు అడుగుకు ఇరవై కిలోలు దించుకున్నట్టే.

సూది, కత్తి, కొత్త కీలు

నొప్పి ముదిరితే మనిషి సత్వర మార్గాలు వెతుకుతాడు. వాటిని నిజాయితీగా పరీక్షించిన ఫలితాలు మన దగ్గరున్నాయి. గ్లూకోసమైన్ మాత్రలను 2006లో అమెరికాలో 1,583 మంది మీద చూశారు, మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు ఉపశమనమిస్తుంది. కానీ మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేస్తే నొప్పి ఉప్పునీటి సూది కంటే తగ్గలేదు, కార్టిలేజ్ మాత్రం ఎక్కువ పలచబడిందని 2017లో తేలింది. మన నెత్తురే తీసి వేసే పీఆర్‌పీ సూది 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద జరిగిన పరీక్షలో ఏడాది తర్వాత ఉప్పునీటి కంటే మెరుగ్గా నిలవలేదు.

కీలులోకి కెమెరా గొట్టం పంపి శుభ్రం చేసే ఆపరేషన్‌కు 2002లో హ్యూస్టన్‌లో గట్టి పరీక్ష పెట్టారు. అరుగుదల ఉన్న 180 మందిలో కొందరికి నిజంగా చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. రెండేళ్లయినా రెండు వర్గాల నొప్పిలో తేడా రాలేదు. వయసుతో చిరిగిన మెనిస్కస్ కత్తిరింపు మీద 2013లో ఫిన్లాండ్ పరిశోధకులకూ ఇదే ఫలితం వచ్చింది. ఆటలో నిన్న కలుక్కుమని తెగినదీ, చాపలేకుండా మోకాలు పట్టేసినదీ వేరే సంగతి. వాటికి ఆపరేషన్ అవసరం కావచ్చు.

నిజంగా దారి మార్చిన శస్త్రచికిత్స మోకీలు మార్పిడి. 1970లలో న్యూయార్క్‌లో ఆధునిక కృత్రిమ మోకీలును తీర్చిదిద్దినవారిలో భారతీయుడైన చిత్తరంజన్ రణావత్ ఒకరు. 2000లో ఒక మోకాలికి, 2001లో రెండోదానికి ప్రధాని వాజపేయికి ముంబైలో ఆపరేషన్ చేసింది ఆయనే. ఈ కృత్రిమ కీళ్లలో పదింట ఎనిమిది 25 ఏళ్లు నిలుస్తాయని 2019 నాటి లెక్క. కానీ యాభైల తొలినాళ్లలో చేయించుకున్న మగవాళ్లలో జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 35 శాతం దాకా ఉంది. డెబ్బై దాటాక చేయించుకుంటే అది ఐదు శాతం దగ్గర. మాజీ ఆటగాళ్ల మోకాళ్లు నలభైల్లోనే నొస్తాయి. వాళ్లకు ఈ వయసు తేడా చాలా ముఖ్యం. ఆపరేషన్‌ను దూరం జరిపే ప్రతి ఏడాదీ లాభమే.

ఎంత మోయాలి?

ఆ ఏళ్లను సంపాదించిపెట్టేది వ్యాయామం. 2013లో డెన్మార్క్‌లో మొదలై ఎన్నో దేశాలకు పాకిన ఒక పద్ధతి చాలా సాదాసీదాది. మోకాలి గురించి రెండు పాఠాలు, ఆరు వారాల్లో పన్నెండు వ్యాయామ తరగతులు. ఆట మానేసిన మనిషి దీన్ని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు.

కుర్చీలోంచి చేతులు ఊతం పట్టకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం మొదటిది. కిటికీ ఊచ పట్టుకుని సగం దాకా బస్కీలు తీయడం రెండోది. మెట్టు మీద ఒంటికాలితో ఎక్కి, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగడం మూడోది. వారానికి మూడు రోజులు, ఒక్కొక్కటి పదేసిసార్లు, రెండు మూడు విడతలు. తేలికైపోతే చేతిలో బియ్యం సంచి పట్టుకోవాలి. మిగతా రోజుల్లో నడక లేదా సైకిలు.

నొప్పి వస్తే ఆపాలా? సున్నా నుంచి పది దాకా ఒక కొలబద్ద ఊహించుకోండి. చేసేటప్పుడు నొప్పి ఐదు దాటకపోతే ఫర్వాలేదు. మర్నాడు పొద్దునకల్లా మామూలు స్థితికి రావాలి, వాపు పెరగకూడదు. రాకపోయినా, వాచినా మానేయక్కర్లేదు, ఆ మోతాదును కాస్త తగ్గించాలి. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం కూడా జన్మంతా నిషేధించాల్సిన పనులు కావు. ఇవాళ ఎంతసేపు తట్టుకుంటుందో చూసి, నెమ్మదిగా పెంచుకోవాల్సిన పనులు. ఆటనూ ఇలాగే సర్దుకోవచ్చు. షటిల్‌లో సింగిల్స్ వదిలి డబుల్స్, వరసగా మూడు రోజులకు బదులు రోజు విడిచి రోజు.

కొన్ని లక్షణాలకు మాత్రం ఈ ప్రయోగాలు వద్దు. జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా వేడిగా వాచినా, చాపలేకుండా పట్టేసినా, కాలు నేల మీద పెట్టలేకపోయినా, పిక్క వాచి నొప్పెడుతున్నా, రాత్రంతా నిద్రపోనివ్వని నొప్పి వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మెరుగుదలను కొలవడానికి ఎమ్మారై అక్కర్లేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఫిజియోలు ప్రపంచమంతా వాడే పరీక్ష ఇది. ఆ అంకెను గోడ క్యాలెండర్లో రాసి, నెలకోసారి మళ్లీ చూడండి. టెండన్లూ కండరాలూ నెమ్మదిగా మారతాయి కాబట్టి మూడు నెలల గడువివ్వండి. ఎక్స్-రేలోని సందు ఈ మూడు నెలల్లో పెరగదు. క్యాలెండర్లోని అంకె చాలామందికి పెరుగుతుంది, నొప్పి తగ్గడం కూడా దాని వెంటే వస్తుంది.